వాల్వ్ టీవీలో బొమ్మ ముడుచుకుపోతే, దొర్లితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి

ముందు మీ ప్రశ్నను కుదించి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. పెరంబూరులో మీ తాతగారి ఇంటి అటక మీదున్న 20 అంగుళాల నలుపు తెలుపు వాల్వ్ టీవీని (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచేది) దించారు. మదరాసులోనే తయారైన సెట్టు. సెట్‌టాప్ బాక్స్‌ని కేబుల్ వాళ్ల పాత మోడ్యులేటర్ (బొమ్మనూ శబ్దాన్నీ పాత టీవీ పట్టగల ఛానెల్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) ద్వారా దానికి కలిపారు. శబ్దం బాగానే వస్తోంది. బొమ్మకు మాత్రం రెండు పక్కలా రెండేసి వేళ్ల వెడల్పున నలుపు ఉంది. కింద భాగం నొక్కుకుపోయి, అంచున తెల్లటి మడత కనిపిస్తోంది. అరగంట గడిచాక బొమ్మ పైకి దొర్లుతోంది. బ్రైట్‌నెస్ పెంచితే బొమ్మ ఉబ్బి మసకబారుతోంది. వీటన్నిటి మీదా ఒక వెడల్పాటి నీడ పట్టీ నెమ్మదిగా పాకుతోంది. ఒక మెకానిక్ పిక్చర్ ట్యూబ్ పోయిందన్నారు, మీ స్నేహితుడు కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చెయ్యమన్నారు. ఏది చెయ్యాలి అని అడిగారు.

ఇప్పుడే రెండూ వద్దు. ట్యూబు పోయిందనడానికి మీరు రాసిన వాటిలో సరైన సాక్ష్యం ఏదీ లేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. కండెన్సర్లన్నీ ఒక్క ఊపులో మార్చడం ఈమధ్య వీడియోలు చూసి వచ్చిన అలవాటు. నలభై, యాభై మార్చాక సెట్టు ఇంకో రకంగా మొరాయిస్తే అది పాత లోపమా, కొత్త సోల్డరింగ్‌లో వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేరు. వాల్వ్ టీవీ తన జబ్బును తెర మీదే చూపిస్తుంది. బొమ్మ ఆకారం చెడితే వెతకాల్సిన చోటు ఒకటి, ఆకారం బాగుండి బొమ్మ నిలవకపోతే ఇంకొకటి, నిలిచిన బొమ్మ పాలిపోయి ఉంటే మరొకటి. మీరు ఐదు ఫిర్యాదులు రాశారు. నా అంచనాలో లోపాలు రెండు, మహా అయితే మూడు.

మూత తీసేముందు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ సెట్లలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాల్వుల పేర్లు 'పీ' అక్షరంతో మొదలవుతున్నాయంటే వాటి హీటర్లు (వాల్వును లోపలినుంచి వేడిచేసే తీగలు) 300 మిల్లీఆంపియర్ల కరెంటుతో ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉన్నట్టు. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసీకే, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు రేకుకే, వస్తుంది. ప్లగ్గు తిరగబడినా, ఎక్స్‌టెన్షన్ బోర్డులో తీగలు మారినా, రేకు మొత్తం 230 వోల్ట్ల ఫేజులో ఉంటుంది. ప్రతిసారీ టెస్టర్‌తో ఛాసీని చూసి గానీ చెయ్యి పెట్టొద్దు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, 500 వీఏది తీసుకోండి. సెట్టు తాగేది 180 వాట్ల లోపే కదా, ఇంత పెద్దది ఎందుకంటారా? ఈ సెట్లు హాఫ్ వేవ్ రెక్టిఫయర్‌తో కరెంటును ఒక పక్కనుంచే లాగుతాయి. దానికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సాచురేట్ అయి వేడెక్కుతుంది. యాంటెనా సాకెట్ దగ్గర రెండు చిన్న సెరామిక్ కండెన్సర్లుంటాయి. అవి లీకైతే మీ సెట్‌టాప్ బాక్స్ బాడీకి, అక్కణ్ణుంచి మీ చేతికి కరెంటు వస్తుంది. కండెన్సర్లు మార్చాలని ఉబలాటంగా ఉంటే ముందు ఆ రెండూ మార్చండి, మెయిన్స్‌కి తట్టుకునే వై క్లాస్ రకంతో.

పిక్చర్ ట్యూబ్ పైన ఈహెచ్‌టీ (ట్యూబుకు వెళ్లే అతి ఎక్కువ వోల్టేజీ) టోపీ కింద 16, 18 కిలోవోల్ట్లుంటాయి. సెట్టు ఆపాక కూడా ట్యూబు గాజే కండెన్సర్‌లాగా ఆ ఛార్జిని పట్టుకుని ఉంటుంది. టోపీ తీసే ముందు ట్యూబు వెనక నల్ల పూతకు ఆనుకున్న అల్లిక తీగకు కలిపి డిశ్చార్జి చెయ్యాలి. మామూలు మీటరును అటువైపు తీసుకెళ్లొద్దు. పీఎల్ 504 వాల్వు నెత్తిమీద ప్లేటు టోపీని కూడా కొలవొద్దు, అక్కడి పల్సులు కొన్ని వేల వోల్ట్లు. మీటరు చచ్చిపోతుంది, మీ అదృష్టం బాగుంటే మీటరొక్కటే.

చాలామంది సిరీస్ బల్బు పెట్టి చూస్తారు. మంచిదే, కానీ దాని అర్థం తెలియాలి. 100 వాట్ల బల్బు సిరీస్‌లో ఉంటే ఈ సెట్టు పూర్తిగా పనిచెయ్యదు, బొమ్మ కోసం ఎదురుచూడొద్దు. హీటర్లు చల్లగా ఉన్నప్పుడు వాటి రెసిస్టెన్స్ తక్కువ, అందుకని బల్బు మొదట బాగా వెలిగి క్రమంగా తగ్గుతుంది. తగ్గకుండా అలాగే వెలుగుతూ ఉంటే షార్ట్ ఉన్నట్టు. మీ సెట్టు ఇప్పటికే నడుస్తోంది గనక ఆ దశ దాటిపోయారు.

ఇక అసలు పనికి వద్దాం. యాంటెనా వైరు పీకేసి, కాంట్రాస్ట్ తగ్గించి, బ్రైట్‌నెస్ కొంచెం పెంచి ఖాళీ తెరను చూడండి. గీతలతో నిండిన ఆ బూడిదరంగు వెలుగే రాస్టర్. బొమ్మను చూసి లోపం వెతికేవాళ్లు సగం మంది రాస్టర్‌ను ఒక్కసారైనా చూడరు. పక్కల నలుపు ఈ రాస్టర్‌లోనూ ఉంటే లైన్ స్టేజీ (బొమ్మను అడ్డంగా గీసే భాగం) లోపమో, సప్లై లోపమో. రాస్టర్ తెరంతా నిండి, బొమ్మకే నలుపు ఉంటే సెట్టుది తప్పు కాదు, సెట్‌టాప్ బాక్స్‌లో తెర కొలత వేరుగా పెట్టి ఉంటుంది, మెనూలోకి వెళ్లి 4:3 చెయ్యండి. నీడ పట్టీని కూడా ఇలాగే విడదీయొచ్చు. సిగ్నల్ లేకపోయినా పట్టీ ఉంటే సెట్టు లోపలి హమ్ (కరెంటు సప్లై నుంచి చొరబడే అలజడి). సిగ్నల్ ఉన్నప్పుడే ఉంటే మోడ్యులేటర్ అడాప్టర్‌నో, ట్యూనర్‌నో అనుమానించాలి.

మీ వర్ణన చూస్తే పట్టీ లోపలిదే అనిపిస్తోంది. ఒకే ఒక్క వెడల్పాటి పట్టీ అంటే 50 హెర్ట్జ్. హాఫ్ వేవ్ సప్లైలో రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఏసీ అల) 50 హెర్ట్జే. రెండు పట్టీలైతే 100 హెర్ట్జ్, ఫుల్ వేవ్ సెట్టన్నమాట. పట్టీ పాకడానికీ కారణముంది. ఇంటి కరెంటూ 50, టీవీ ఫీల్డూ (తెరను ఒకసారి పైనుంచి కిందికి గీయడం) 50, కానీ రెండూ అచ్చంగా ఒకటి కావు, ఆ కాస్త తేడాతోనే పట్టీ నెమ్మదిగా కదులుతుంది. పట్టీతో పాటు బొమ్మ అంచులు పాము మెలికలా వంగుతున్నాయేమో కూడా చూడండి. వంగితే ఫిల్టర్ కండెన్సర్ల మీద అనుమానం ఇంకా బలపడుతుంది.

అందుకే మొదటి కొలత హెచ్‌టీ, అంటే వాల్వులకు వెళ్లే ప్రధాన డీసీ వోల్టేజీ. బీవై 127 డయోడు తర్వాత పెద్ద అల్యూమినియం డబ్బా కండెన్సర్ ఉంటుంది, 200 మైక్రోఫారడ్లవి రెండు ఒకే డబ్బాలో. ఈ తరగతి సెట్లలో అక్కడ డీసీ మామూలుగా 200 నుంచి 240 వోల్ట్ల దాకా ఉంటుంది. సర్క్యూట్ కాగితం దొరికితే అందులో రాసిందే ప్రమాణం. తర్వాత మీటరును ఏసీకి తిప్పి, ప్రోబుకు సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్ 630 వోల్ట్ల కండెన్సర్ కలిపి రిపుల్ కొలవండి. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపి చూపిస్తాయి, ఆ కండెన్సర్ అందుకే. మొదటి కండెన్సర్ దగ్గర పది వోల్ట్ల దాకా రిపుల్ సహజం. స్మూతింగ్ దాటాక ఒకటి రెండు వోల్ట్లకు మించకూడదు.

హెచ్‌టీ తక్కువ, రిపుల్ ఎక్కువ ఉంటే డబ్బా ఎండిపోయింది. హెచ్‌టీ తక్కువ, రిపుల్ కూడా తక్కువైతే డయోడు ముందున్న సర్జ్ రెసిస్టరు విలువ పెరిగింది, లేదా ఎవరో మెకానిక్ ఒకప్పుడు డ్రాపర్‌లో (మెయిన్స్ వోల్టేజీని తగ్గించే రెసిస్టర్ల వరుసలో) పెద్ద రెసిస్టరు పెట్టిపోయాడు. ఇలాంటి 'అప్పటికి సర్దుబాటు' పనులు ఈ సెట్లలో కోకొల్లలు. వోల్టేజీ 260 దాటే వీధుల్లో అలా చేసేవాళ్లు, తప్పు పట్టలేం. డబ్బాను చేత్తో తాకి చూడండి, సెట్టు ఆపి, డిశ్చార్జి చేసిన తర్వాతే సుమా. గోరువెచ్చగా ఉంటే పక్కనున్న డ్రాపర్ వేడి కావచ్చు. కాలేలా ఉంటే లోపల లీకేజ్, ఇక దాన్ని నడపొద్దు. ఎండిపోయిందా లేదా తేల్చుకోవడానికి సెట్టు ఆపి, కొత్త 220 మైక్రోఫారడ్ 400 వోల్ట్ల కండెన్సర్‌ను పోలారిటీ చూసుకుని పక్కన కలిపి మళ్లీ ఆన్ చెయ్యండి. సెట్టు నడుస్తుండగా తాకించొద్దు, ఆ నిప్పురవ్వకు డయోడు పోతుంది.

ఈ ఒక్క మార్పుతో పట్టీ పోవాలి. పక్కల నలుపు తగ్గొచ్చు. ఎత్తు కొంచెం పెరగొచ్చు. హెచ్‌టీ నీరసపడితే లైన్, ఫ్రేమ్ (బొమ్మను నిలువుగా పరిచే భాగం), వీడియో అన్నీ దాంతోపాటే నీరసపడతాయి. అందుకే అది సరిచేయకముందు వెడల్పు కంట్రోలు, ఎత్తు కంట్రోలు తిప్పడం వృథా. పట్టీ పోకపోతే మాత్రం ఏదో వాల్వులో హీటరుకూ కాథోడుకూ (వేడికి ఎలక్ట్రాన్లు వదిలే భాగానికీ) మధ్య లీకేజ్ ఉంది. ట్యూనరు, పిక్చర్ ట్యూబ్ హీటర్లను ఛాసీ వైపు చివర పెట్టడం ఈ భయంతోనే, అక్కడ హీటరు వోల్టేజీ తక్కువ గనక హమ్ తక్కువ. వీడియో వాల్వును మార్చి చూడటం ఒక్కటే దీనికి సులువు దారి. వాల్వ్ పీకేటప్పుడు సెట్టు ఆపాలని వేరే చెప్పక్కర్లేదు. దీపావళి సీరియల్ లైట్ల దండలాగే ఒకటి పీకితే అన్నీ ఆరిపోతాయి.

ఇప్పుడు కింద నొక్కుకుపోవడం. నాకు ఇష్టమైన లోపం ఇది, ఎందుకంటే ఒక్క వోల్టేజీ కొలిస్తే సగం కథ తెలుస్తుంది.

మీ సెట్టులో ఫ్రేమ్ వాల్వు పీసీఎల్ 805 లేదా పీసీఎల్ 85 అయ్యుండాలి. అందులో ఒకే గాజులో రెండు వాల్వులుంటాయి: ట్రయోడ్ ఆసిలేటర్‌లో (స్కానుకు తాళం వేసే భాగంలో) సగం, పెంటోడ్ అవుట్‌పుట్ (స్కాన్ కరెంటు ఇచ్చేది). స్కాను పైనుంచి కిందికి దిగుతున్నకొద్దీ పెంటోడు ఎక్కువ కరెంటు ఇవ్వాలి. కింది అంచుకు చేరేసరికి దాని శక్తి అంతా అక్కడ ఖర్చవుతుంది. కాబట్టి ఆ వాల్వుకు ఏ ఇబ్బంది వచ్చినా మొదట దెబ్బతినేది కింది భాగమే. మీకు నొక్కుడుతో పాటు తెల్లటి మడత కూడా ఉందన్నారు. ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది. వాల్వు నీరసపడితే కింద నొక్కుకుంటుంది, మడత మాత్రం అరుదు. మడత పడిందంటే గ్రిడ్ బయాస్ (వాల్వు కరెంటును అదుపుచేసే గ్రిడ్ మీది వోల్టేజీ) చెడింది, అంటే కప్లింగ్ కండెన్సర్ (ట్రయోడ్ నుంచి పెంటోడ్‌కు సిగ్నల్ దాటించేది) లీక్ అవుతోంది.

పెంటోడ్ కాథోడ్ దగ్గర డీసీ కొలవండి. చాలా సెట్లలో అది 15, 17 వోల్ట్ల చుట్టూ ఉంటుంది, కాథోడ్ రెసిస్టరు 330 నుంచి 390 ఓముల్లో ఉంటే. ముందు ఆ రెసిస్టరునే, సెట్టు ఆపి, ఒక కొస ఎత్తి కొలిచి పెట్టుకోండి. అది సరిగ్గా ఉండి, వోల్టేజీ 22, 25 చూపిస్తే వాల్వు అవసరానికి మించి కరెంటు లాగుతోంది, అంటే గ్రిడ్‌కు పాజిటివ్ లీకేజ్ వస్తోంది. వోల్టేజీ బాగా తక్కువుంటే వాల్వు ముసలిదైంది, లేదా స్క్రీన్ గ్రిడ్ వోల్టేజీ లేదు. వోల్టేజీ సరిగ్గానే ఉండి కింద నొక్కుకుంటే కాథోడ్ బైపాస్ ఎలక్ట్రోలైటిక్ ఎండిపోయింది. 220 మైక్రోఫారడ్ 35 వోల్ట్లది పక్కన కలపండి, ఎత్తు వెంటనే పెరుగుతుంది. ఈ మూడు దారులూ తెలిస్తే ఫ్రేమ్ అవుట్‌పుట్ లోపాల్లో ఎక్కువ శాతం తేలిపోతాయి.

లీకేజ్‌ని రుజువు చెయ్యడం ఇలా. ట్రయోడ్ ప్లేటు నుంచి పెంటోడ్ గ్రిడ్‌కు వెళ్లే కండెన్సర్‌కు గ్రిడ్ వైపు కొసను విప్పండి. ఇప్పుడు ఫ్రేమ్ కూలిపోయి తెర మీద ఒకే ఒక అడ్డగీత మిగులుతుంది. బ్రైట్‌నెస్‌ను ముందుగానే పూర్తిగా తగ్గించండి, లేకపోతే ఆ గీత ఫాస్ఫర్ మీద శాశ్వతంగా అచ్చుపడుతుంది. విప్పిన కొసకూ ఛాసీకీ మధ్య డిజిటల్ మీటరు పెట్టండి. మంచి కండెన్సరైతే మొదట కొంచెం ఎగిరి సున్నాకు దిగుతుంది. దిగకుండా కొన్ని వోల్ట్ల దగ్గర ఆగితే అది లీకు. మీటరు లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓములు గనక, అవతల 100 వోల్ట్లుండి మీటరు 9 చూపిస్తే లీకేజ్ దాదాపు 100 మెగాఓములు. అంత పెద్ద రెసిస్టెన్స్ ఏం చేస్తుందిలే అనుకోవద్దు, గ్రిడ్ లీక్ రెసిస్టరు కూడా మెగాఓముల్లోనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు 100 మెగాఓములున్నది ఛాసీ వేడెక్కాక 20కి దిగుతుంది. మామూలు కండెన్సర్ మీటరు దీన్ని పట్టుకోలేదు, అది విలువ చూపించి 'బాగుంది' అంటుంది. ఆ కాలపు మైనం పూసిన కాగితపు కండెన్సర్లు, నల్ల బేకలైట్ దిమ్మల్లాంటివి, ఈ విషయంలో అసలు నమ్మదగినవి కావు. ఇలాంటి చోట్ల, అంటే కప్లింగ్ స్థానాల్లో ఉన్నవాటిని మాత్రం అడక్కుండా మార్చెయ్యొచ్చు. 630 వోల్ట్ల పాలిస్టర్ రకం చాలు.

పాత సర్వీస్ కాగితాల్లో వోల్టేజీలు వోల్ట్‌కు 20 వేల ఓముల ముల్లు మీటరుతో కొలిచి రాసినవి. మెగాఓముల రెసిస్టర్లున్న చోట మీ డిజిటల్ మీటరు వాటికన్నా ఎక్కువ చూపిస్తుంది, గాభరా పడొద్దు. కాథోడ్ లాంటి చోట్ల తేడా రాదు.

అరగంటకు పైకి దొర్లడం వేరే లోపమే గానీ, దాని ఇల్లు ఈ పక్కనే. ఫ్రేమ్ ఆసిలేటర్ సొంతంగా 50 కన్నా కాస్త నెమ్మదిగా నడవాలి, ప్రతి ఫీల్డు చివర సింక్ పల్సు (సిగ్నల్‌తో పాటు వచ్చే తాళపు సంకేతం) వచ్చి దాన్ని ముందుకు తోసి 50 దగ్గర నిలబెడుతుంది. ఆసిలేటర్ బాగా నెమ్మదిస్తే సింక్ తోపు సరిపోదు, బొమ్మ పైకి దొర్లుతుంది. వేగం పెరిగితే కిందికి దొర్లుతుంది. మీది వేడెక్కాక పైకి. అంటే వేడికి ఏదో రెసిస్టరు విలువ పెరుగుతోంది. హోల్డ్ కంట్రోలుకు సిరీస్‌లో ఉండే పెద్ద విలువ కార్బన్ రెసిస్టర్లకు వయసుతో పైకి పోవడం అలవాటు, 470 కిలోఓములది 700 చూపించడం వింతేమీ కాదు. అవి కిందికి రావడం అరుదు.

కానీ విప్పేముందు ఒక పరీక్ష. దొర్లుతున్నప్పుడు హోల్డ్ నాబ్‌ను నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. ఎంత తిప్పినా పైకే దొర్లుతూ ఉంటే ఆసిలేటర్ భాగాలు, పైన చెప్పిన రెసిస్టర్లు. ఒక చోట ఆగినట్టే ఆగి, పట్టు చిక్కకుండా అటు దాటి కిందికి దొర్లడం మొదలుపెడితే ఆసిలేటర్ బాగానే ఉంది, సింక్ పల్సులే రావడం లేదు. అప్పుడు సింక్ సెపరేటర్ (బొమ్మ సిగ్నల్ నుంచి ఆ పల్సులను విడదీసే భాగం) వైపు వెళ్లాలి. ఒక చోట గట్టిగా ఆగి, కాసేపటికి మళ్లీ జారితే వాల్వు ట్రయోడ్ భాగం లేదా ఆ లీకు కండెన్సరే. కొత్త కండెన్సర్ వేశాక ఈ పరీక్ష మళ్లీ చెయ్యండి, రెండు ఫిర్యాదులూ ఒకేసారి పోయినా ఆశ్చర్యం లేదు.

పక్కల నలుపు హెచ్‌టీ సరిచేశాక కూడా మిగిలితే లైన్ స్టేజీకి వెళ్దాం. ఇక్కడ పీఎల్ 504 అవుట్‌పుట్, పీవై 88 డాంపర్, పైన డీవై 802 ఈహెచ్‌టీ రెక్టిఫయర్. దీపాలార్పి పీఎల్ 504 ప్లేటును చూడండి. ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపెయ్యండి, గ్రిడ్‌కు డ్రైవ్ (వాల్వును నడిపే సిగ్నల్) రావడం లేదు, నిమిషాల్లో వాల్వూ, దాంతో లైన్ ట్రాన్స్‌ఫార్మరూ పోతాయి. లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఈ రోజుల్లో సెట్టు బొమ్మల కొలువులో పెట్టుకోవడానికే. మీ సెట్టులో రాస్టర్ వస్తోంది గనక డ్రైవ్ ఉంది, కానీ వెడల్పు ఎందుకు తగ్గిందన్నది చూడాలి. వెడల్పును స్థిరంగా ఉంచడానికి వీడీఆర్ అనే నల్లటి రెసిస్టరు పీఎల్ 504 గ్రిడ్‌కు నెగటివ్ బయాస్ తయారుచేస్తుంది. బూస్ట్ లైన్ (లైన్ స్టేజీ తయారుచేసే, హెచ్‌టీకన్నా ఎక్కువ వోల్టేజీ) నుంచి మెగాఓముల రెసిస్టర్లు దాన్ని వ్యతిరేకిస్తూ కాస్త పాజిటివ్ ఇస్తాయి. ఆ మెగాఓములవి విలువ పెరిగితే నెగటివ్‌దే పైచేయి అవుతుంది, బొమ్మ రెండు పక్కలా సమానంగా లోపలికి పోతుంది. వాల్వు మార్చడానికి ముందు వీటిని కొలవండి, రెసిస్టరు ఖర్చు రూపాయల్లోనే. తర్వాత పీఎల్ 504 స్క్రీన్ రెసిస్టరు.

బ్రైట్‌నెస్ పెంచితే ఉబ్బడం ఈహెచ్‌టీ కుంగిపోతున్న గుర్తు. వోల్టేజీ తగ్గితే ఎలక్ట్రాన్ల వేగం తగ్గుతుంది, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే కాయిల్) వాటిని ఎక్కువగా వంచుతుంది, బొమ్మ పెద్దదై మసకబారుతుంది. బ్రైట్‌నెస్ ఇంకా పెంచితే మొత్తం మాయమైతే డీవై 802 ఎమిషన్ (ఎలక్ట్రాన్లు వదిలే శక్తి) అయిపోయిందనే చెప్పొచ్చు. దాని హీటరు లైన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒకటిన్నర చుట్టు తీగతో నడుస్తుంది, ఆ తీగ సోల్డర్ ఒకసారి చూసుకోండి. చెన్నైలో ఇంకో బెడద ఉప్పుగాలి. నవంబరు వానల్లో ఈహెచ్‌టీ టోపీ దగ్గర సరసరమని శబ్దం, ఓజోన్ వాసన వస్తాయి. ట్యూబు గాజు మీద టోపీ చుట్టూ జిడ్డు దుమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బాగా ఆరనిచ్చి అప్పుడు ఆన్ చెయ్యాలి. నీళ్లతో వద్దు.

ట్యూబు సంగతి. నిజంగా ఎమిషన్ తగ్గిన ట్యూబు ఇలా ఉంటుంది: వెలుగు రావడానికి నిమిషాలు పడుతుంది, తెలుపు రంగు వెండి పూత పూసినట్టు మెరుస్తుంది, కాంట్రాస్ట్ పెంచితే ముఖాల్లో తెల్లటి భాగాలు నల్లబడి నెగటివ్‌లా కనిపిస్తాయి, గంట నడిస్తే కాస్త మెరుగవుతుంది. వీటిలో ఒక్కటీ మీరు రాయలేదు. మసకగా ఉందని ట్యూబును తిట్టే ముందు దాని ఫస్ట్ యానోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లను ముందుకు లాగే మొదటి ఎలక్ట్రోడ్) వోల్టేజీ కొలవాలి. అది బూస్ట్ నుంచి ఒక పెద్ద రెసిస్టరు, ఒక చిన్న కండెన్సర్ ద్వారా వస్తుంది. ఆ కండెన్సర్ లీకైతే మంచి ట్యూబు కూడా గుడ్డిదీపంలా ఉంటుంది. బూస్ట్ లైన్ 500 నుంచి 900 వోల్ట్ల మధ్య ఎంతైనా ఉండొచ్చు. మీ మీటరు 600 వోల్ట్లదైతే కొలవొద్దు. ఈ ఒక్క చిన్న కండెన్సర్ వల్ల చెత్తలోకి పోయిన ట్యూబులు ఎన్నో.

సామాను గురించి. కండెన్సర్లు, రెసిస్టర్లు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. బూస్ట్ కండెన్సర్ మార్చాల్సి వస్తే 1000 వోల్ట్లకు తగ్గని పాలిప్రొపిలీన్ రకమే అడగండి, 630ది ఇస్తే వద్దనండి. వాల్వుల కోసం కొత్త షాపుల్లో తిరగడం కన్నా పాత రేడియో రిపేరు చేసేవాళ్లను అడగడం మేలు. బెంగుళూరు జాలహళ్లి బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఫ్యాక్టరీలో తయారైన వాల్వులు పెట్టెల్లోనే ఉన్నవి ఇంకా బయటపడుతుంటాయి. పీసీఎల్ 82, పీసీఎల్ 86 లను ఆడియో ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లు ఏరుకుపోయారు గానీ పీసీఎల్ 805 మీద వాళ్లకు అంత మోజు లేదు, మీ అదృష్టం. పీసీఎల్ 85 బదులు 805, పీఎల్ 500 బదులు 504 నేరుగా పెట్టొచ్చు. పీవై 81 ను మాత్రం పీవై 88 స్థానంలో పెట్టమని ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు, ఒకదాని హీటరు 17 వోల్ట్లు, ఇంకోదానిది 30. సిరీస్‌లో అది మొత్తం లెక్క తప్పిస్తుంది.

మోడ్యులేటర్ విషయంలో మీరు ఇప్పటికే గట్టెక్కారు గానీ చదివేవాళ్ల కోసం: 1975 ఆగస్టు 15న మదరాసు దూరదర్శన్ మొదలైన కాలపు సెట్లలో చాలావాటికి వీహెచ్ఎఫ్ ట్యూనరే ఉంటుంది, 2 నుంచి 12 వరకు ఛానెళ్లు. గాలిలో అనలాగ్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి కాబట్టి మోడ్యులేటర్ తప్పనిసరి. యూహెచ్ఎఫ్ మాత్రమే ఇచ్చేది కొంటే ఆ సెట్టు పట్టదు. బొమ్మకూ శబ్దానికీ మధ్య 5.5 మెగాహెర్ట్జ్ ఉండాలి, అమెరికా పద్ధతి 4.5 ది తెస్తే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు.

మీరు ఇప్పుడు చెయ్యాల్సింది మూడు కొలతలు: డబ్బా కండెన్సర్ దగ్గర హెచ్‌టీ, దాని రిపుల్, ఫ్రేమ్ పెంటోడ్ కాథోడ్ వోల్టేజీ. కాథోడ్‌ది రెండుసార్లు తీసుకోండి, ఆన్ చేసిన ఐదు నిమిషాలకు ఒకసారి, దొర్లడం మొదలయ్యాక ఒకసారి. ఆ అంకెలూ, హోల్డ్ నాబ్ పరీక్షలో బొమ్మ ఎటు పోయిందో రాయండి. రెండో కాథోడ్ కొలత మొదటిదానికన్నా మూడు నాలుగు వోల్ట్లు ఎక్కువుంటే నా జవాబు కోసం ఆగక్కర్లేదు, ఆ కప్లింగ్ కండెన్సర్ మార్చెయ్యండి.